సకినాల పొట్లము మీది పేరు

మామ: ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోని వంటయింట పిండి కలిపి, ఇక్కడి చేతులతో చుట్టి, ఇక్కడి పొయ్యి మీద కాల్చిన సకినములకు 'సింగరేణి సకినాలు' అనుటకంటె సహజమైన పేరేమి కలదు, అల్లుడా? నీవు నాలుగు దినములుగా కాగితములు ముందిడుకొని వెదకుచున్న పేరు ఊరిలో ప్రతివాని నాలుక మీదను ఉన్నది. నిజమునకు సింగరేణి యనునది ఖమ్మము జిల్లాలో, మనకు నూరు మైళ్ళకు మించిన దూరమున నున్న ఒక పల్లె. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లాండున ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ దానిని త్రవ్వుట కధికారము పొందెను. 1920 డిసెంబరు 23న దాని ఆస్తులను చేకొని వెలసిన క్రొత్త సంస్థ ఆ పల్లె పేరునే తన పేరుగా పెట్టుకొనెను. నాటినుండి బొగ్గు ఎచ్చట బయల్పడిన నచ్చటికెల్ల, కొత్తగూడెమునకును, బెల్లంపల్లికిని, మందమర్రికిని, మన రామగుండమునకును ఆ పేరు వెంట నడచివచ్చినది. ఆ పల్లెను కన్నులార చూడని వేలమంది 'మాది సింగరేణి' అని చెప్పుకొందురు. ముప్పదియేండ్లు ఆ పేరుగల జీతపు చీటి నందుకొన్న నాకు, ఆ పేరులో పాలు లేదందువా?

అల్లుడు: పాలు లేదనుటకు నాకు నోరు రాదు, మామా. కాని మీరు చెప్పిన చరిత్రయే మీకు ప్రతికూలముగా నిలుచుచున్నది. ఆ పేరు పల్లెను విడిచి బొగ్గునకును, కంపెనీకిని చెందిపోయినది గనుకనే నేడు దానిని విన్నవాడెవడును పల్లెను తలంపడు. నూటికి ఏబదియొక్క పాలు రాష్ట్రమునకును, నలుబదితొమ్మిది పాలు కేంద్రమునకును గల ప్రభుత్వ సంస్థ పేరది. పొట్లము మీద ఆ పేరు చూచినవాడు, ఇవి కంపెనీ క్యాంటీనులో చేసినవనియో, ఉద్యోగుల సహకార సంఘమువారివనియో అనుకొనును. మనకు మోసగించు తలంపు లేకపోవచ్చును; కొనువాడు అట్లు భ్రమపడుటకు వీలున్నదా అనియే న్యాయస్థానము చూచును గాని, అమ్మినవాని మనస్సు శుద్ధమా కాదా యని ముందుగా అడుగదు.

అయినను మీ పక్షమునకు బలమైన సాక్ష్యము నొకదానిని నేనే చెప్పవలెను, దాచుట ధర్మము గాదు. కర్ణాటకలోని పాల సమాఖ్య 1985 నుండి 'నందిని' అను పేర పాలు అమ్ముచున్నది. బెంగుళూరిలో ఆంధ్ర భోజనమునకు పేరుపడిన 'నందిని డీలక్స్' అను హోటలువారు 1989 నుండి ఆ పేరు వాడుచున్నారు. అంత పెద్ద సంస్థ అడ్డుపడినను 2018 జూలైలో సుప్రీంకోర్టు హోటలువారి పక్షమున తీర్పు చెప్పెను. నందిని యనునది దేవతకును గోవునకును పురాణములలో ఉన్న పేరే గాని సమాఖ్య సృష్టించినది గాదనియు, హోటలు వేరు పాలడెయిరీ వేరనియు, పాలు, పాల పదార్థములకు మాత్రము హోటలువారి పేర ఆ నమోదు చెల్లదనియు తేల్చెను.

మామ: అయితే బొగ్గు వేరు, సకినము వేరు. ఇంక సందేహమేమి?

అల్లుడు: సందేహములు రెండు. నందిని వేయి యిండ్లలో ఉన్న పేరు. సింగరేణి యన్నచో లోకమున నొక్కదానికే తగులును. రెండవది, మామా, 1989లో పెట్టిన పేరునకు తుదిమాట 2018లో గాని రాలేదు. హోటళ్ళు పెక్కు గలవాడు అంతకాలము వేచియుండగలడు. మీ బిడ్డయగు వదినయు, ఆమెతోటి ముగ్గురును, కిలో ఇంతకని సకినములమ్ముకొనువారు, గెలుపు నిశ్చయమైనను ఆ వ్యాజ్యమును ఎన్ని దినములు మోయగలరు? గెలువదగిన పేరు కాదు, వ్యాజ్యమే రాని పేరు కావలెను వారికి.

మామ: సరే, ఆ పేరు విడిచితిని. ఇంత త్వరగా విడిచితినని తేలికగా విడిచితిననుకొనకుము. కాని విడిచిన చోటనే మరొకటి పట్టుకొందును. 'ఖని సకినాలు.' గోదావరి ఒడ్డున గనులు తెరచినందున పుట్టిన ఊరిది; గోదావరిఖని యను ఊరి పేరే నదియు గనియు కలిసిన సమాసము. ఎవడును పూర్తిగా పలుకడు. బస్సులో టికెటు అడుగువాడు గూడ 'ఖని' అనియే అడుగును. మన ఊళ్ళ పేర్లలో సగము కంపెనీ వేసిన అంకెలే గదా! ఫైవ్ ఇంక్లైన్, సెవెన్ ఎల్‌ఈపీ, ఎయిట్ ఇంక్లైన్. బొగ్గుబాయికి అంకె వేసినవాడు అది ఊరి పేరగునని తలచియుండడు. అయినను పిల్లలు ఆ అంకెలలో పుట్టి, ఆ అంకెలలో బడికి పోయి, పెండ్లిపత్రికలలో ఆ అంకెలనే అచ్చువేయించుకొనుచున్నారు. పేరు పెట్టుట యనునది కార్యాలయములో జరుగు పని గాదు, నాయనా. ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారము 1999లో మూతపడెను. 2015లో రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అను క్రొత్త సంస్థ పుట్టి, ఆ నేల మీదనే మరల యూరియా చేయుచున్నది. ఆటోవాని నడుగుము, ఎఫ్‌సీఐ క్రాస్‌రోడ్డనియే చెప్పును. కాగితము మీది పేరు మారినది; నోటి మీది పేరు మారలేదు.

అల్లుడు: నోటి పేరునకు గల బలమును నేను కాదనను. కాని ఆ దృష్టాంతమును రెండవ వైపునుండియు చూడుడు. పాత సంస్థ పేర సరుకు అప్పిచ్చినవాడు, పాత సంస్థ పేర ఒడంబడిక వ్రాసికొన్నవాడు, తనకు రావలసినదానిని ఆ పేరు గలవానినే అడుగవలెను గాని, ఆ నేల మీద నిలిచిన క్రొత్తవాని నడుగజాలడు. ఆటోవానికి రెండును ఒకటే. బాకీదారునకు ఒకటి గాదు. చట్టమునకు పేరు పిలుచుటకు గాదు, బాధ్యత ఎవరిదో పట్టుకొనుటకు కావలెను.

ఇక 'ఖని' మాట. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టమున తొమ్మిదవ సెక్షను, సరుకు పుట్టిన చోటును మాత్రమే తెలుపు మాటను గాని, సరుకు గుణమును మాత్రమే తెలుపు మాటను గాని, దీర్ఘకాలపు వాడుకచే అది ఒకనికే గుర్తుగా నిలిచిపోయిననే తప్ప, ఒకని సొత్తుగా నమోదు చేయనీయదు. 'ఖని' చోటు, 'సకినాలు' సరుకు. రెండును కలిపినను అందులో మనదనునది ఏమియు లేదు. ఎల్లుండి లక్ష్మీనగరులో మరొకడు అదే బోర్డు కట్టినచో మనము చూచుచు నుండవలసినదే.

మామ: కట్టనిమ్ము.

అల్లుడు: అట్లనుట సులభము, మామా.

మామ: సులభమని అనలేదు. ఆలోచించియే అంటిని. 'స్వగృహ' యను మాటను చూడుము. ఇంట చేసిన పిండివంటలు అమ్ము దుకాణమున కెవరో ఆ పేరు పెట్టిరి. నేడు ఆ మాట లేని పట్టణము తెలుగునాట లేదు. ఎవనిదో ఒకనిదిగా అది నిలువలేదు, నిజమే. కాని నిలువనందున ఏమి జరిగినది? మగడు పోయిన యిల్లాలు, పిల్లల చదువులకు నాలుగు రూపాయలు కూడబెట్టదలచిన యిల్లాలు, వీధిగదిలో ఒక బల్ల వేసికొని ఆ ఒక్క మాట వ్రాయించిన చాలును. ఇంటి వంట దొరకునని దారినపోవువానికి తెలిసిపోవును. ఆమె ప్రకటనలకు పైకము పెట్టనక్కరలేదు. అంతకుముందు అమ్మిన వేయిమంది ఆ మాటకు తెచ్చిన మర్యాద ఆమెకు ఉచితముగా సంక్రమించినది. అది ఊరి చెరువు వంటిది. చెరువునకు కంచె వేసినచో ఒకని పొలము పండును, నిజమే. కాని ఆయకట్టంతయు ఏమి కావలెను? మన బిడ్డకు ఈ సకినము చుట్టుట నేర్పినదెవరు? దాని అత్త. ఆమెకు ఆమె తల్లి. సంక్రాంతికి బిడ్డలకు సారె పంపు ప్రతి యింటను ఆ చుట్టు ఉన్నది. అందరిదైన వంటకు ఒకరిదైన పేరు పెట్టి, ఇతరులు దగ్గరకు రాకుండ చట్టమును కావలి నిలుపుట నాకు మనసొప్పదు.

అల్లుడు: ఇంతసేపటిలో మీరు చెప్పినవానిలో నన్ను నిలువరించిన మాట ఇది. దీనికి నా యొద్ద సంపూర్ణమైన సమాధానము లేదు. దైవనామములయందును గ్రంథనామములయందును న్యాయస్థానము మీవలెనే భావించినది. అగరుబత్తులకు 'రామాయణ' యను పేరును తన సొత్తుగా నమోదు చేయింపగోరిన వ్యాపారికి 2015లో సుప్రీంకోర్టు కుదరదని చెప్పినది. అందరివైన మాటలు కొన్ని ఉన్నవి, వానిని ఎవడును ఇంటికి గొనిపోరాదు. శ్రీరాజరాజేశ్వర యని పెట్టినచో వేములవాడ రాజన్న అందరివాడు. మనకొక్కరికే ఇమ్మని అడుగుట తగదు.

కాని ఊరి చెరువునందు నీరు నిజముగా అందరికిని సమముగా పారుచున్నదా, మామా? హైదరాబాదులో 'బావర్చి' యను పేరును తలచుకొనుడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్డులోని హోటలువారు తమకు శాఖలు లేవని చాటుకొనవలసి వచ్చినది. ఆ పేరుగల హోటళ్ళు తెలంగాణ అంతటను, అమెరికాలోను ఉన్నవి. తినినవాడు బాగుండలేదన్నచో ఏ బావర్చిని అన్నట్లు? వదిన ఐదేండ్లు నూనె మార్చి మార్చి, నువ్వులు ఏరి ఏరి, 'ఖని సకినాలు' అన్నచో నమ్మదగినవని పదిమందిచేత అనిపించినది అనుకొందము. ఆరవయేట పెద్ద పట్టణపు మిఠాయి వ్యాపారి, యంత్రముతో చుట్టిన సకినమును నిగనిగలాడు సంచిలో పోసి, అదే పేరు అచ్చువేసి, రైలుస్టేషనులో అమ్మును. పేరు అందరిది గనుక అతనిదియు నగును. అతనికి యంత్రమున్నది, లారీ యున్నది, అప్పిచ్చు బ్యాంకున్నది. వీరి నలుగురికి చేతులును ఆ పేరును తప్ప ఏమున్నవి? చేతులు అలసిపోవును. పేరొక్కటే వారు కూడబెట్టుకొనదగిన ఆస్తి. దానిని గూడ ఉమ్మడి చేయుమనుట పేదవానినే మొదట త్యాగము చేయుమనుట గాదా?

మామ: యంత్రముతో సకినము చుట్టినవానిని నేను చూడలేదు.

అల్లుడు: చూడవలసి రాదని చెప్పగలరా?

మామ: చెప్పలేను. బొగ్గు నింపుటకు చేతులు తప్ప వేరు దారి లేదని మేమును అనుకొంటిమి; తట్టలు పోయి యంత్రములు వచ్చినవి. నీ మాట నాకు నచ్చలేదు గాని తప్పని అనజాలను. అయితే నీవు పెట్టదలచిన పేరేది? అర్థము లేని అక్షరములు నాలుగు కూర్చి, ఏ భాషయో తెలియని పేరు పెట్టుదువా?

అల్లుడు: లేదు. 'తొలిషిఫ్టు' అని తలంచితిని. సకినమునకును ఆ మాటకును సహజముగా సంబంధము లేదు గనుక నమోదునకు ఆ చిక్కులు లేవు. మన నేలకు మాత్రము సంబంధమున్నది. స్వంత వ్యాపారికిని, చిన్న సంస్థకును ఒక తరగతి సరుకునకు దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు. ఎవరును అభ్యంతరము చెప్పక నమోదైనచో పదేండ్లు నిలుచును, మరల పొడిగించుకొనవచ్చును.

మామ: మంచి మాటయే. వినగానే చెవిలో సైరను మ్రోగినది. కాని ఒకటి చెప్పుము. ఆ సైరనునకు బాయిలోనికి దిగినవారము మేము. మా టిఫిను గిన్నె కట్టిన చేతులు దానికి రెండు గంటల ముందే లేచినవి; ఆ లేచిన గంటకు షిఫ్టని పేరు లేదు, మస్టరు లేదు. ఇప్పుడు ఆ చేతులే మొదటిసారిగా తమ పనికి తాము పేరు పెట్టుకొనుచుండగా, మగవాండ్ర పనివేళను తెచ్చి దానిపై అతికింపవలెనా? నిన్న పిల్ల చుట్టుచుండగా ప్రక్కన కూర్చుంటిని. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు. బట్ట మీద నడుమ చిన్న బొట్టువలె పెట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని మెలిపెట్టుచు, తెగకుండ ఒకటి, రెండు, మూడు చుట్లు. నలుగురి చుట్లు నాలుగు తీరులు. ఒకామె మెలి బిగువు, ఒకామెది వదులు. ఆరిన తరువాత అట్లకాడతో ఎత్తి నూనెలో వేయుదాక ఎవరిదో నేను చూపి చెప్పగలిగితిని. ఇట్టిదానికి వారి పేరే పెట్టరాదా? తన పేరు తాను నిజాయితీగా వాడుకొనువానిని ఎవడును ఆపలేడని నీవే మొన్న చెప్పితివి.

అల్లుడు: చెప్పితిని, ఆ చట్టము ముప్పదియైదవ సెక్షను అదియే. ఇంకొక మాటయు మీకు అనుకూలముగా చెప్పెదను. ఒక్కరే యజమానియైనచో, చట్టము దృష్టిలో వ్యాపారమునకు వేరు పేరే లేదు. జీఎస్టీ పత్రమున రెండు గడులుండును: ఒకటి చట్టబద్ధమైన పేరు, ఒకటి వ్యాపారపు పేరు. మొదటిదానిలో పానులోని వదిన పేరే వచ్చును. బోర్డు మీద మీరేమి వ్రాయించినను అది రెండవ గడికే చెందును.

మామ: అనగా చట్టబద్ధమైన పేరును నాయనమ్మ ఊయలలోనే పెట్టినది.

అల్లుడు: ఒక్కరైనచో అంతే. కాని వీరు నలుగురు. వదిన పేర వ్రాయించినచో అప్పు వదినది, ఆస్తి వదినది. తక్కిన ముగ్గురును కూలివారగుదురు. భాగస్వామ్యము వ్రాసికొన్నచో సంస్థకొక పేరు కావలెను, ఆ పేరు నలుగురి ఉమ్మడి సొత్తగును. రేపు విడిపోయినచో, లెక్కలు తేలువరకు ఆ పేరుతో అదే వ్యాపారము చేయకుండ ఒకరినొకరు ఆపవచ్చునని 1932 నాటి చట్టము చెప్పుచున్నది. మీరు చెరువన్నారే, అది నలుగురి నడుమనే తగవగును. కంపెనీగా పెట్టినచో పేరు స్థిరముగా ఉండును. కాని దేశములో ఎక్కడనో అట్టి పేరు ముందే యున్నచో దొరకదు. బహువచనము చేసినను, అక్షరము మార్చినను, మాటల నడుమ ఎడము తీసినను ఒకటే పేరుగా చూతురు. దొరకినను ఇరువది దినములే నిలిపియుంతురు. అటుపై యేటేట లెక్కల తనిఖీ, దాఖలు చేయవలసిన పత్రములు. నలుగురి సకినములకు అది బరువని నేనును ఒప్పుకొందును.

మామ: నీవు ఒప్పుకొన్నంత మాత్రమున నా భయము తీరలేదు. మీ పెద్దమామ సంగతి నీకు తెలిసినదే. ఊరిలో ఒక పేరు, మస్టరులో మరొక పేరు. పనికి పిలుపు వచ్చినవాడు రాకపోగా, వాని పేర చేరినవాడు మా అన్న. అట్టివారు ఈ బొగ్గునేల మీద ఎందరో. మారుపేర్లు అన్నచో ఇక్కడ ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. ముప్పదియేండ్లకు మించి పరాయి పేరునకు 'హాజరు' పలికెను. పోయిననాడు పిండము ఒక పేర పెట్టితిమి. ఆయనకు రావలసిన డబ్బు మరొక పేర అడిగితిమి. ఆ ఇద్దరును ఒక్కడే యని రుజువు చేయుటకు మా వదిన ఎన్ని గడపలు ఎక్కినదో నేను చూచితిని. ఎవరిని నిందింపను, అది ఆకలి వ్రాయించిన పేరు. కాని ఆనాటినుండి, నోట పిలుచు పేరొకటి కాగితము మీద మరొకటి యన్నచో నాకు గుండె జారును. అందుకే జనము ఏమని పిలుతురో అదియే వ్రాయించుమనుచున్నాను. రేపు వీండ్రను ఖని సకినాలవాండ్రనియే పిలుతురు. నీ తొలిషిఫ్టు కాగితము మీద పడియుండును.

అల్లుడు: మామా, నేను ఇన్ని కాగితములు ముందు వేసికొని కూర్చుండుటకును పెద్దమామ సంగతియే కారణము. ఊరు పిలుచు పేరును కాగితము గుర్తింపనందుననే గదా పెద్దత్త అన్ని గడపలు ఎక్కినది! అందుకే, పొట్లము మీదను, బిల్లుపుస్తకము మీదను, బ్యాంకు ఖాతాలోను, ఆహారభద్రత నమోదు పత్రమునందును ఒక్కటే పేరు ఉండవలెనని నా పట్టు. అది ఏ పేరైనను సరే.

మామ: ఏ పేరైనను సరే యని ఇప్పుడు అనుచున్నావు.

అల్లుడు: అనుచున్నాను. మీరు ఖని యన్నచో, ఎవడైన కాజేసిననాడు నేను కాపాడలేను. నేను తొలిషిఫ్టన్నచో, వారు తమదని పలుకకపోవచ్చును. ఈ రెంటిలో ఏ నష్టము చిన్నదో నాకు తెలియుట లేదు.

మామ: నాకును తెలియదు. వారినే అడుగవలసినది గదా.

అల్లుడు: అడిగితిని. ముగ్గురు ఇంకను నవ్వుచునే యున్నారు; ఒకరు బిడ్డ పేరందురు, ఒకరు సమ్మక్క పేరందురు. నాలుగవ ఆమె మాత్రము, పైన ఏ పేరు పెట్టినను లోపల నా పేరు తప్పులేకుండ వ్రాయించుడని చెప్పినది. ఆమె భర్తయు మారుపేరుతో పనిచేసినవాడే.

మామ: ఆమె కాగితములు చూచితివా?

అల్లుడు: చూచితిని. ఆధారులో భర్త ఊరి ఇంటిపేరు ఉన్నది. పానులో మస్టరులోని ఇంటిపేరు ఉన్నది.

మామ: అయితే రేపు మొదట ఆ పని మీద పోదము. నేనును వచ్చెదను.